మొదటి వరసలో కొడుకు

పోయినవారం కంచు అనే కుర్రాణ్ణి వేదిక మెట్లమీద వదిలి వచ్చాం. ర్యాప్ పోటీ సెమీఫైనల్లో, కిక్కిరిసిన జనం ముందు, మన అక్కాతమ్ముళ్ళలో తమ్ముడు విసిరిన చరణానికి బదులు చెప్పాల్సినవాడు మైకుని పెదాల దాకా తీసుకెళ్ళి, నోరు తెరిచి, ఒక్క ముక్క పలక్కుండా దాన్ని కింద పెట్టి దిగిపోయాడు. జనం ఈలలతో హాలు ఎగరగొట్టారు. జడ్జీలు తమ్ముడి చెయ్యి పైకెత్తారు. గొప్పలు చెప్పుకోవడంలో తనకి తిరుగులేదనిపించుకున్న కంచు ఎందుకు మూగబోయాడో చూసినవాళ్ళకి అర్థం కాలేదు. గెలిచిన తమ్ముడికీ అర్థం కాలేదు. ఆ చరణం రాసిచ్చిన అక్క అప్పుడు అక్కడ లేదు. ఆమె ఎప్పుడూ అక్కడ ఉండదు. ఆదివారాలు కూడా ఆమెకి ఆస్పత్రిలో డ్యూటీయే.

తమ్ముడి మాటలు అక్క రాస్తుందన్న సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు, అక్కకీ తమ్ముడికీ. మూడో మనిషికి తెలిస్తే ఆట అయిపోయినట్టే. ఆ పోటీల్లో ఏ అబద్ధమైనా చెల్లుతుంది. లేని కారు ఉందనొచ్చు, కొట్టని దెబ్బలు కొట్టాననొచ్చు, ఎదుటివాడి ఏడు తరాల్నీ నోటికొచ్చినట్టు ఉతికేయొచ్చు. ఎవరూ రుజువులు అడగరు. కానీ ఆ అబద్ధం ఎవడిది వాడే అల్లుకోవాలి. అరువు మాటలతో గొప్పలకి పోయాడని తేలితే ఇంక వాడికి ఎవరూ మైకు ఇవ్వరు. ఈ ఆదివారమే ఫైనల్. నెగ్గితే ఆల్బమ్ చేస్తామని కంపెనీవాళ్ళు మాటిచ్చారు. ఆ మాట పట్టుకుని తమ్ముడు కొరియర్ ఉద్యోగం కూడా వదిలేశాడు.

అక్క డయాలసిస్ టెక్నీషియన్. కిడ్నీలు చేతులెత్తేసినవాళ్ళ నెత్తురుని ఒక గొట్టంలోంచి బయటికి తెచ్చి, మెషీన్లో కడిగి, ఇంకో గొట్టంలోంచి తిరిగి ఒంట్లోకి పంపడం ఆమె పని. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. ఆ మాట చెప్పి మురిసిపోయిన తల్లి చివరికి అదే వార్డులో, ఆమె సూదులు గుచ్చే కుర్చీలోనే కూర్చుంది. పోయినేడు ఆ తల్లి పోయింది. అక్క ఏడవలేదు. ఏడుపు వస్తుందేమోనని కొన్నాళ్ళు చూసింది. రాలేదు. తరవాత ఎదురుచూడటం కూడా మానేసింది. అన్నం తింటే అన్నం తిన్నట్టుండేది కాదు, ఎవరైనా నవ్వితే ఆలస్యంగా తనూ నవ్వేది.

ఆ రోజుల్లోనే తమ్ముడు ఒక చరణం తడబడుతుంటే, అన్నం కలుపుకుంటూ, తలెత్తకుండా ఆమె అంది:

"నీ నెత్తురు బయటికి లాగుతా, ఉతికి మళ్ళీ నీకే ఇస్తా,
కుర్చీలో కూలేసి కడతా, కదిలితే అలారం మోగిస్తా."

తమ్ముడు ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాడు. అబ్బ, ఎంత కసి ఉందే నీకు, అన్నాడు. కసి కాదు, పొద్దున్నించి నేను చేసిన పని అది, అంది అక్క. ఆ రెండు పంక్తులు చొక్కాల మీద అచ్చేసుకుని తిరిగేవాళ్ళున్నారు ఇప్పుడు.

అప్పట్నించీ ఆమే రాస్తోంది. గొప్ప చెప్పడానికి ఆమె కనిపెట్టిన కిటుకు ఒకటే. వినేవాడి ఇంట్లో ఉన్న వస్తువుతోనే వాణ్ణి కొట్టాలి. అందుకని ఆమె పంక్తుల్లో కుక్కర్ విజిలుంటుంది, థర్డ్ అంపైర్ ఉంటాడు, పాత సినిమాల్లో ఆఖరి రీలుకి కాళ్ళమీద పడే విలన్ ఉంటాడు, క్లాసులో వెనకబెంచీ ఉంటుంది. అవి చాలనప్పుడు వార్డు ఉంటుంది. గంటల తరబడి కుర్చీకి అంటుకుపోయిన మనిషి ఏదో ఒకటి చెప్పుకోకుండా ఉండలేడు. పెళ్ళాంతో చెప్పనివీ, డాక్టరుతో చెప్పనివీ సూదులు గుచ్చిన మనిషితో చెప్తాడు. అక్క ఊఁ కొడుతూ బీపీ చూస్తుంది. విన్నవి లోపల ఎక్కడో పడుంటాయి. ఒక పంక్తికి మాట తక్కువైనప్పుడు చెయ్యి పెడితే తగులుతాయి. ఫోన్లో పలికి తమ్ముడికి పంపేస్తుంది, మెషీన్ల మధ్య నడుస్తూనే. కాగితం పెట్టదు.

ఇక ఈవేళ్టి సంగతి.

మధ్యాహ్నం బ్యాచ్ మొదలయ్యే వేళకి అనౌన్సర్ గారు ఒక్కరే వచ్చారు. బస్‌స్టేషన్లో రిటైరయ్యేదాకా ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పిన మనిషి. గొంతు ఇంకా గుమ్మటంలా ఉంటుంది. అక్క సూదులు పెట్టగానే, "కుడిచేతి గొట్టం బయల్దేరుటకు సిద్ధముగా ఉన్నది" అని వార్డంతా వినబడేలా చెప్పడం ఆయనకి అలవాటు. పక్క కుర్చీల్లోవాళ్ళు ఎన్నోసారి విన్నా నవ్వుతారు. ఆయన్ని ఎప్పుడూ కొడుకే బండిమీద గేటు దాకా దింపేవాడు. అక్క ఆ కొడుకుని హెల్మెట్టుతోనే చూసింది.

ఈవేళ బండి లేదు. ఆయన గోడ పట్టుకుని నడిచొచ్చారు. బరువు చూస్తే ఒంట్లో నీరు బాగా చేరింది. కాళ్ళ మీద వేలు నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. సూదులు పెట్టినా ఆయన ఏ బస్సూ అనౌన్స్ చెయ్యలేదు. పక్క కుర్చీలో దర్జీ ఆవిడ, ఏం బాబాయ్, సర్వీసు రద్దయిందా ఈపూట, అని వేళాకోళమాడింది. ఆయన నవ్వలేదు. మెషీను తిరగడం మొదలయ్యాక, ఖాళీగా ఉన్న చేత్తో ఫోను తీసి, అక్క వైపు తిప్పి, అందులో ఒక వీడియో పెట్టారు.

అందులో తమ్ముడున్నాడు. మెడలో గొలుసు, ముఖం మీద లైటు.

"మైకు ముందు మాట మరిచిన తండ్రి,
మొదటి వరసలో మెడ దించిన కొడుకు,
మీ నాన్నేనా అని పక్కవాడడిగితే
తల అడ్డంగా ఊపినవాడివి, నాకా నువ్వు ఎదురు?"

వీడియోలో జనం అరిచారు. అవతల కంచు మైకు పెదాల దాకా తెచ్చి దించాడు. కెమెరా వాడి ముఖం మీదికి వెళ్ళింది. హెల్మెట్టు లేని ఆ ముఖాన్ని అక్క మొదటిసారి చూసింది. ముక్కు, గడ్డం, చెవులు, అన్నీ అనౌన్సర్ గారివే.

"అమ్మాయ్," అన్నారాయన. "ఈ సంగతి నీకు చెప్పింది నేనే కదూ?"

"మీరే బాబాయ్."

"ఇంకెవరికీ చెప్పలేదు నేను. మీ పిన్నికి కూడా."

అక్కకి గుర్తుంది. సెమీఫైనల్‌కి ముందు, ముసురు పట్టిన ఒకరోజు, ఆయనకి చలి పుట్టి రెండు దుప్పట్లు కప్పినప్పుడు, చెప్పారు. స్టాఫ్ వార్షికోత్సవంలో పాడమని ఆయన్ని పట్టుబట్టి ఎక్కించారట. రోజంతా మైకులో గడిపే మనిషికి, ఎదురుగా ముఖాలు కనబడేసరికి మాటలన్నీ ఎగిరిపోయాయి. బస్సు బ్రేక్‌డౌన్ అయిందిరోయ్ అని ఎవరో అరిచారు. హాలంతా నవ్వు. ముందు వరసలో స్నేహితులతో కూర్చున్న తన కొడుకుని పక్క పిల్లాడేదో అడిగి వేదిక వైపు వేలు చూపించాడు. కొడుకు తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి ఆ కుర్చీలో లేడు. ఆ రాత్రి భోజనాల దగ్గర, నేను వెనక ఎక్కడో ఉన్నాను నాన్నా, సరిగా కనబళ్ళేదు, అన్నాడట కొడుకు. అవునా, పోన్లే, అన్నాడట తండ్రి.

అంతే. ఆ తరవాత ఆ ఊసు ఇద్దరూ ఎత్తలేదు. కొడుకు పెద్దవాడై మైకు పట్టాడు.

ఆయన ఇది చెప్పిన రోజే తమ్ముడు తనకి ఎదుటివాడి తండ్రి మీద నాలుగు పంక్తులు కావాలన్నాడు. నిజం ఎవడిక్కావాలే, తండ్రి మీద పడితే చాలు, ఎవడికైనా తగులుతుంది, అన్నాడు. అక్క లోపల చెయ్యి పెట్టింది. తగిలింది తీసి ఇచ్చేసింది. ఎదుటివాడు ఎవరని అడగాలని కూడా తోచలేదు.

నువ్వు చెప్పే తమ్ముడు ఇతనే కదా అని అనౌన్సర్ గారు అడగలేదు. ఆ మాటలు ఎవరు రాస్తున్నారనీ అడగలేదు. ఆయన గొంతుల మధ్యే బతికిన మనిషి, అప్పుడప్పుడు ఫోన్లో గుసగుసగా పలుకుతూ ఆమె వార్డులో తిరగడం చూసినవాడు. తెలిసిపోయింది. కోప్పడితే బాగుండునని అక్క అనుకుంది. ఆయన కోప్పడలేదు.

"దెబ్బ పడిందని కాదమ్మాయ్ వాడు దిగిపోయింది," అన్నారు. "నేను చూశానని వాడికి మొన్న వేదిక మీదే తెలిసింది. ఇన్నేళ్ళూ నాన్న చూళ్ళేదు అనుకునే బతికాడు. చూసిన సంగతి నేనే మీవాళ్ళకి చేరవేసి వాణ్ణి నడిబజారులో నిలబెట్టానని ఇప్పుడనుకుంటున్నాడు. ఆదివారంనించి నాతో మాట్లాళ్ళేదు."

అక్క మెషీను తెర వైపు చూసింది. అంకెలన్నీ సరిగానే ఉన్నాయి.

ఆయన దుప్పటి సర్దుకుంటూ, బస్సు ఆలస్యంగా నడుస్తోందని చెప్పే గొంతుతోనే, వచ్చేవారం నించి తను రానన్నారు. ఈ నెత్తురు కడిగించుకుని ఎవరి ముఖం చూడాలి, అన్నారు. అలసట వచ్చినప్పుడు అందరూ అనే మాటే అది. కానీ అలసటతో అనేవాళ్ళు విసుక్కుంటూ అంటారు. నిజంగా మానేసేవాళ్ళు ఇలాగే, దుప్పటి సర్దుకుంటూ అంటారు. ఆ తేడా అక్కకి తెలుసు. మానేసినవాళ్ళ కుర్చీ ఎంత తొందరగా ఇంకొకరికి ఇస్తారో కూడా తెలుసు.

ఆమెకి ఏమీ అనిపించలేదు. జాలి, భయం, సిగ్గు, వీటిలో ఏదో ఒకటి రావాలని తెలుసు. మొద్దుబారిన చెంప మీద చెయ్యి పెట్టుకున్నట్టు, ఉంది గానీ తనది కానట్టు ఉంది. అనిపించకపోయినా చెయ్యాల్సింది చెయ్యొచ్చునని ఆమెకి ఈ ఉద్యోగం నేర్పింది. బీపీ పడిపోతే ముందు కాళ్ళు పైకెత్తాలి. ఏడుస్తూ ఎత్తినా, ఊరికే ఎత్తినా నెత్తురు గుండెకే చేరుతుంది.

నిజం కొడుక్కి చెప్తే తమ్ముడి ఫైనల్ పోతుంది. చెప్పకపోతే ఈయన కుర్చీ ఖాళీ అవుతుంది. ఆమె నర్సుల కౌంటరు దగ్గరికి వెళ్ళి, పేషంటు ఇంటివాళ్ళ నంబరుకి ఫోన్ చేసి, మీ నాన్నగారి గురించి మాట్లాడాలి, వెంటనే రండి, అంది. అవతల గొంతు ఏమైందని అడిగింది. వస్తే చెప్తానని పెట్టేసింది.

అతను బండి అడ్డదిడ్డంగా ఆపి పరిగెత్తుకొచ్చాడు. ముందు గాజు తలుపులోంచి తండ్రిని చూశాడు. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు, మెషీను తిరుగుతోంది. ఊపిరి వదిలి, వెంటనే ముఖం గట్టిగా చేసుకున్నాడు. అక్క అతన్ని పక్కనే ఉన్న, మెషీన్లకి నీళ్ళు శుద్ధిచేసే గదిలోకి తీసుకెళ్ళింది. మోటార్ల హోరు వల్ల లోపలి మాట వార్డులోకి వినబడదు. గోడవారన ఉప్పు బస్తాలు, తెల్లటి పీపాలు. కూర్చోవడానికేమీ లేదు.

ముందు ఆయన ఇంక రానంటున్న సంగతి చెప్పింది. అతను నమ్మలేదు. మా నాన్న నాటకాలు మీకు తెలీవన్నాడు. ఎదుటివాడికి నన్ను పట్టించినవాడు మీ దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నాడా, అని ఎకసెక్కంగా అడిగాడు. వేదిక మీద ఎలా ఉంటాడో అలాగే నిలబడ్డాడు, భుజాలు విరిచి, గడ్డం పైకెత్తి. ఆ గదిలో ఆ నిలబాటు చిన్నపిల్లాడు పెద్ద చెప్పులేసుకున్నట్టుంది.

"మీ నాన్నగారు ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పారు. ఆ చరణం రాసింది నేను," అంది అక్క.

అతను ఆమె తెల్లకోటు వైపు, దాని జేబుకి అంటిన ప్లాస్టరు ముక్కల వైపు చూశాడు.

"మీరా?"

"మా తమ్ముడివన్నీ నేనే రాస్తాను. నెత్తురు ఉతికే పంక్తి కూడా. లోపలికెళ్ళి మెషీను చూడండి, మీకే తెలుస్తుంది."

అతను ఆ గది కిటికీ గాజులోంచి వార్డులోకి చూశాడు. తండ్రి చేతిలోంచి ఎర్రగా పోతున్న గొట్టాన్ని, తిరిగొస్తున్న గొట్టాన్ని చూశాడు. ఆ రెండు పంక్తులూ తనకీ కంఠతా వచ్చినవే అయుంటాయి. భుజాలు కొంచెం దిగాయి. కానీ వెంటనే, ముసలాయన్ని కాపాడటానికి మీరు కట్టిన కథ కాదని నేనెలా నమ్మాలి, అన్నాడు. తలకాయ ఊపిన సంగతే చెప్తున్నారు, అది పాటలో ఉన్నదే కదా, అన్నాడు.

ఆ చరణానికి ఇంకో నాలుగు పంక్తులున్నాయని అక్క చెప్పింది. మా తమ్ముడు వాటిని తీసేశాడు, జనం ఎవరూ వినలేదు, మీ నాన్నగారు నాతో అన్న మాటలే అవి, అంది. తరవాత, లయ కూడా వెయ్యకుండా, మందు వేళలు చెప్పే గొంతుతో చెప్పింది:

"పక్క తలుపులోంచి జారుకున్న వీపుని
వేదిక మీంచి చూసిన కళ్ళు ఏమన్నాయో తెలుసా,
పోరా నాన్నా, పో, నీ తప్పేం లేదు,
నీ చోట నేనుంటే నేనూ లేచి పోయేవాణ్ణి."

మోటారు ఒకటి ఆగింది. గది సగం నిశ్శబ్దమైంది.

కంచు ఉప్పు బస్తా మీద కూర్చుండిపోయాడు. పక్క తలుపు, అని ఒకసారి అన్నాడు. ఆ తలుపు సంగతి పాటలో లేదు. మోచేతులు మోకాళ్ళ మీద ఆనించాడు. నన్ను పోరా అన్నాడా, అని అడిగాడు. అన్నారు, అంది అక్క. నవ్వుతూ అన్నాడా, అని అడిగాడు. నవ్వుతూనే అన్నారు, చలేస్తోంది అప్పుడు, పళ్ళు టకటకలాడుతున్నాయి, అంది.

అతను ముఖం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదిలాయి. అక్క అతని వంక చూస్తూ నిలబడింది. ఎవరైనా ఏడుస్తుంటే ఏం చెయ్యాలో మరిచిపోయి చాలాకాలమైంది. కోటు జేబులో ఉన్న దూది కట్టలోంచి కొంచెం తీసి ఇచ్చింది. అతను దాన్ని చూసి, ఏడుపు మధ్యలోనే, సూది గుచ్చుతారా ఏంటండీ, అన్నాడు.

"అయితే అవి మీ తమ్ముడు తీసేశాడన్నమాట," అన్నాడు, ముక్కు తుడుచుకుంటూ. "ఎందుకు తియ్యడు. గొప్పల్లో క్షమించడాలు కుదరవు కదా."

"అక్కా."

తలుపు దగ్గర తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఫైనల్ చరణం తీసుకోవడానికి బ్యాచ్ అయ్యే వేళకి రమ్మని పొద్దున తనే చెప్పిన సంగతి అక్కకి అప్పుడు గుర్తొచ్చింది. మెడలో వీడియోలో కనబడ్డ గొలుసే ఉంది. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో. కంచు లేచి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు లైట్లు లేకుండా చూసుకోవడం అదే మొదలు. కొట్టుకుంటారేమోనని అక్క పీపాల్ని కొంచెం పక్కకి జరిపింది.

తమ్ముడు కంచు వైపు వెళ్ళలేదు. అతని ముఖంలో కోపం కూడా లేదు. ఏదో లెక్క తప్పినవాడిలా అక్కనే చూస్తున్నాడు.

"ఆ నాలుగూ నువ్వు నాకు పంపలేదే," అన్నాడు.

"పంపాను. నువ్వే తీసేశావు."

"ఒట్టక్కా, నేనింతవరకూ వినలేదు. అవి ఉంటే తీసేవాణ్ణా నేను?"

అక్కకి స్పష్టంగా గుర్తుంది. ఎనిమిది పంక్తులు పలికింది. పంపింది. నాలుగే పాడాడు. మధ్యలో తీసేసింది వాడు కాక ఇంకెవరు? తమ్ముడు జేబులోంచి ఫోను తీశాడు. అక్క పంపినవన్నీ దాచుకుంటాడు, ఒక్కటీ చెరపడు. పైకి జరిపి, జరిపి, ఒకచోట వేలు ఆపి, నొక్కాడు.

అక్క గొంతు వచ్చింది. మైకు ముందు మాట మరిచిన తండ్రి, అంది. మొదటి వరసలో మెడ దించిన కొడుకు, అంది. వెనకాల మెషీన్ల రొద. నాకా నువ్వు ఎదురు, అన్నాక చిన్న విరామం. తరవాత అదే గొంతు, అంతే మామూలుగా:

"ఇంకో నాలుగున్నాయి గానీ వద్దులే. అవి పెడితే దెబ్బ మెత్తబడుతుంది. ఇక్కడే ఆపెయ్. వాడు మళ్ళీ లేవకూడదు."

అక్క ఆ గొంతుని ఎవరిదో అన్నట్టు వింది. రికార్డింగు ఇంకా అయిపోలేదు. వెనకనించి, దూరంగా, గుమ్మటంలాంటి గొంతొకటి చలికి వణుకుతూ వినబడింది: "అమ్మాయ్, ఆ దుప్పటి కాస్త పైకి లాగవూ?"

కంచు తలెత్తాడు. ఆ గొంతు అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఒక్క నిమిషం ఆగండి బాబాయ్, పనిలో ఉన్నాను," అంది ఫోన్లో అక్క.